ముక్కు మేస్త్రీ నిమ్మ కేకు

మా ఆయన్ని వీధిలో అందరూ ముక్కు మేస్త్రీ అంటారు. ముక్కు పెద్దదని కాదు. ఆ మాటకొస్తే నా ముక్కే పెద్దది, కోపం కూడా ఎప్పుడూ దాని మీదే ఉంటుందని ఆయన ఫిర్యాదు. గ్యాస్ పొయ్యిలు, ఓవెన్లు బాగుచేయడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళు అదే పని చేశారు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "వెనక బర్నర్ దగ్గర లీకవుతోందమ్మా, ముందు గ్యాస్ కట్టెయ్యండి" అనేవారు. ఆ తర్వాతే సంచీ కింద పెట్టేవారు. సబ్బు నీళ్ళు రాసి చూస్తే బుడగలు సరిగ్గా అక్కడే లేచేవి.

"సబ్బు నీళ్ళు ఎక్కడ కారుతోందో చెబుతాయి. అసలు కారుతోందని చెప్పేది ముక్కే." పెళ్ళైన మొదటి వారంలో ఆయన నాతో చెప్పిన తీపి కబురు ఇది. ఇంకో ఆడదైతే పుట్టింటికి వెళ్ళిపోయేది.

నా ముక్కు మీద మాత్రం ఆయనకి గురి లేదు. "ఏమండీ, ఏదో వాసన వస్తోంది" అంటే చాలు, "నీ ముక్కు మొహానికి అందం కోసం పెట్టింది, దాన్ని కష్టపెట్టకు" అని, తను లేచి వచ్చి పీల్చి చూసుకుని గానీ ఊరుకునేవారు కాదు. ఈ విషయంలో మేము పడని గొడవ లేదు.

ఓవెన్ బాగుచేశాక అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ఆయనకో పద్ధతి ఉండేది. అదే నిమ్మ కేకు. చాలా ఏళ్ళ క్రితం ఒక ఇటలీ పెద్దావిడ ఇంట్లో ఓవెన్ బాగుచేస్తే ఆవిడ దాన్ని అక్కడికక్కడే చేసి చూపించిందట. తూకాలు, కొలత చెంచాలు అక్కర్లేదు. పెరుగు కొన్న కప్పే కొలత. కప్పు పెరుగు, అదే కప్పుతో ఒక కప్పు నూనె, రెండు కప్పుల పంచదార, మూడు కప్పుల మైదా, మూడు గుడ్లు, రెండు నిమ్మకాయల తొక్కు తురుము, ఒక కాయ రసం, కాస్త బేకింగ్ పౌడర్. అన్నీ ఒకే గిన్నెలో కలిపి టిన్నులో పోయడమే. చాక్లెట్ కేకు మాడినా తెలియదు, దాని ఒళ్ళే నలుపు. ఈ కేకు తెల్లటిది కాబట్టి ఓవెన్లో ఏ పక్క వేడి ఎక్కువుంటే ఆ పక్క ఎర్రబడి పట్టిచ్చేస్తుంది.

కేకు లోపల ఉన్నంతసేపు ఆయన ఓవెన్ వైపు చూసేవారు కాదు. గడియారమూ చూసేవారు కాదు. ఆ ఇంటివాళ్ళ ముందు గదిలో, వంటింటికి వీపు పెట్టి, పేపరు చదువుతూ కూర్చునేవారు. ముందు నిమ్మతొక్కు వాసన వస్తుందట, తర్వాత గుడ్డు, చివర్లో పంచదార కాలిన వాసన సన్నగా మొదలవుతుందట. అప్పుడు పేపరు మడిచి "అయింది" అనేవారు. పుల్ల గుచ్చితే పొడిగా వచ్చేది. పిల్లలున్న ఇళ్ళలో ఈ తమాషా చూడటానికే పొయ్యి చెడిపోతే బాగుండునని ఎదురుచూసేవారు.

ఆ ఇటలీ ఆవిడ ఇచ్చిన పెరుగు కప్పు ఆయన పనిసంచీలోనే ఉండేది, గుడ్డలో చుట్టి, స్పానర్ల పక్కన. ఒకసారి నేను కడిగి వంటింటి అలమరలో పెట్టాను. ఆ రోజు ఇల్లు పీకి పందిరేశారు. "అది పనిముట్టు. వంటింట్లో దానికేం పని" అన్నారు. సరే మహానుభావా అని దండం పెట్టాను.

ఇక మా ఇంటి ఓవెన్ సంగతి చెప్పకూడదు గానీ చెబుతాను. మంట ఆరిపోతే గ్యాస్ దానంతటది ఆగిపోయేలా ప్రతి ఓవెన్లో ఒక చిన్న భాగం ఉంటుంది. నాలుగేళ్ళ క్రితం, షాపులు మూసి ఉన్న రోజున ఎవరికో అర్జెంటని మా ఓవెన్లోంచి ఆ భాగం పీకి పట్టుకెళ్ళారు. రేపు కొత్తది వేస్తానన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు. తలుపు గట్టిగా వేస్తే మంట ఆరిపోయేది కాబట్టి మోకాలితో మెల్లగా తోసేదాన్ని. ఆరిపోయినా ఆయన ముక్కు ఇంట్లోనే ఉందిగా అని నా ధీమా.

నిరుడు ఆయనకి వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వాసన పోయింది.

ముందు నాకు చెప్పలేదు. పాలు అడుగంటి టీ అంతా మాడు కంపు కొడుతుంటే నేను పారబోయబోయాను. ఆయన అప్పటికే గుక్క మీద గుక్క తాగేస్తున్నారు. వంకలు పెట్టకుండా గ్లాసుడు నీళ్ళు కూడా తాగని మనిషి. నాకు ఎక్కడో కలుక్కుమంది, కానీ అడగలేదు. నా భయం నాది.

బయటపడింది ఒక టీచరమ్మ ఇంట్లో. ఓవెన్ వెలగడం లేదంటే వెళ్ళారు. గుమ్మంలో నిలబడ్డారు, పీల్చారు, లోపలికి నడిచారు. వంగి లైటర్ తీశారు. వెనక నుంచి టీచరమ్మ, "మేస్త్రీ గారూ, గ్యాస్ వాసన ఇంతగా వస్తుంటే వెలిగిస్తారేంటి" అంది. ఆయన లైటర్ జేబులో పెట్టుకుని, క్షమించమని చెప్పి, ఇంటికి వచ్చేశారు. సంచీ అక్కడే మర్చిపోయారు. తమ్ముడు వెళ్ళి తెచ్చాడు.

తమ్ముడంటే మా మరిది. ఇద్దరూ కలిసే షాపు నడిపేవారు. ఆ రోజు నుంచి మరిది ఆయన్ని ఇళ్ళకు పంపడం మానేశాడు. గ్యాస్ పసిగట్టే మీటరు ఒకటి కొన్నాడు గానీ ఆయన దాన్ని షాపులోనే రెండు రోజులు పట్టుకు తిరిగి డ్రాయర్లో పడేశారు.

"ఇది నేను చూపించిన చోటే చూస్తుందిరా. నేను చూపించని చోట ఉంటే?"

మరిది ఆ మీటరు తీసి తన సంచీలో వేసుకున్నాడు. ఆయన్ని షాపులో కూర్చోబెట్టి, మసిపట్టిన బర్నర్లు బ్రష్షుతో తోమే పని ఇచ్చాడు. ఇరవై ఆరేళ్ళ మేస్త్రీకి.

డాక్టరు కంప్యూటర్ వైపు చూస్తూ చెప్పాడు. "దెబ్బతిన్న నరాలు కోలుకోవడానికి టైం పడుతుంది. ఏడాది చూద్దాం. అప్పటికీ ఏమీ తెలియకపోతే ఇక ఆశ పెట్టుకోకండి." నాలుగు సీసాలు పెట్టుకోమన్నాడు. ఒకదాన్లో నిమ్మతొక్కు, ఒకదాన్లో లవంగాలు, ఒకదాన్లో రోజ్ వాటర్, ఇంకోదాన్లో నీలగిరి తైలం. పొద్దున, సాయంత్రం ఒక్కోటి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తుచేసుకుంటూ పీల్చాలట.

ఒక్క పూట కూడా మానలేదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని, పరీక్షకి చదివే పిల్లాడిలా కూర్చునేవారు. నిమ్మతొక్కు నేనే రోజూ మార్చేదాన్ని. "ఏమైనా తెలిసిందా" అని అడిగితే, "చూద్దాం" అనేవారు. ఏడాదిలో ఏడొందల సార్లు అన్నారు ఆ మాట. ఒక్కసారి నా వంటకి వంక పెడితే చాలని నేను ఎదురుచూశాను. దొంగతనంగా కూర మాడ్చి కూడా పెట్టాను. బాగుందన్నారు. అవతలికి వెళ్ళి ఏడ్చాను.

ఏడాది నిండే రోజు ఆదివారం వచ్చింది. ముందు రోజు మరిది వచ్చి, "అన్నయ్యా, రేపు మధ్యాహ్నం వస్తాను. నువ్వు ఊ అంటే సోమవారం రెండిళ్ళకి నువ్వే వెళ్దువుగాని. లేదంటే..." అని ఆగాడు.

"లేదంటే ఇంకొకర్ని పెట్టుకో. ఎన్నాళ్ళని ఒక్కడివే తిరుగుతావు" అని ఆయనే పూర్తిచేశారు.

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, సంచీలోంచి కప్పు తీశారు. ఏడాది తర్వాత అది బయటికి రావడం అదే మొదలు. కేకు తనే కలిపారు. నిమ్మతొక్కు తురిమి, పంచదారలో వేసి వేళ్ళతో నలిపారు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ దించేశారు. నేను చూడనట్టు గిన్నెలు సర్దాను.

టిన్ను లోపల పెట్టి, ఓవెన్ వెలిగించి, నాతో అన్నారు. "కిటికీ మూసెయ్. వంటింటి తలుపు కొంచెం తీసి ఉంచు, వాసన ముందు గదిలోకి రావాలి. నువ్వు మేడ మీదకెళ్ళి బట్టలారేసుకో."

"నేనుంటే ఏమైంది?"

"నీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది. మొహం చూసి చెప్పింది లెక్కలోకి రాదు."

బకెట్టు ఎత్తుకున్నాను. పోతూ పోతూ ఓవెన్ తలుపు సరిగ్గా పడలేదని మోకాలితో తోశాను. రోజూ కంటే కాస్త గట్టిగా తోశానేమో. అప్పుడు నా మనసు మోకాలి మీద లేదు.

మేడ మీద దుప్పట్లు ఆరేశాను. ఆరేసినవే తీసి మళ్ళీ ఆరేశాను. ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగని దాన్ని, ఆ తడి దుప్పటి పట్టుకుని, ఒక్క నిమ్మకాయ వాసన చాలు, ఇంకేమీ అడగను అనుకున్నాను. కింద మెట్ల దగ్గర నుంచి ఆయన గొంతు వినిపించింది.

"వచ్చేసిందే. దిగిరా."

ఎలా దిగానో నాకు తెలియదు. తలుపు తోశాను. ఆయన అప్పటికే మళ్ళీ కుర్చీలో కూర్చుని ఉన్నారు, వంటింటికి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని. చెంపల మీద నీళ్ళు.

"ముందు తొక్కు వాసన వచ్చిందే, సన్నగా. అబ్బే, ఊరికే అనిపిస్తోందేమో అనుకున్నా. తర్వాత గట్టిగా వచ్చింది. ఇప్పుడు పంచదార మొదలైంది. అయింది, తీసెయ్."

ఇల్లంతా గ్యాసు.

 నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. ఓవెన్ నాబ్ కట్టేశాను, కిటికీ తీశాను. లోపల మంట లేదు. ఎప్పుడు ఆరిపోయిందో. టిన్నులో పిండి ఎలా పోశారో అలాగే ఉంది, పచ్చిగా, చల్లగా. గాలి బయటికి పోవాలని ఫ్యాను స్విచ్చు మీద చెయ్యి వేయబోయాను.

"ఫ్యాను వెయ్యకు" అన్నారు వెనక నుంచి.

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. తీసిన కిటికీ వైపు, నా నోటి మీది కొంగు వైపు, టిన్ను వైపు చూశారు. "స్విచ్చు ముట్టుకోకు, నిప్పురవ్వ లేస్తుంది. తలుపులన్నీ తీసి బయటికి పద" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది, ఎవరింట్లోనో ఎవరికో చెప్పినట్టు.

మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నాం.  ఓవెన్ తలుపు గట్టిగా తోసింది నేనే అని చెప్పాను.

"ఆ భాగం పీకింది నేను" అన్నారు. మళ్ళీ, "నిజంగా వచ్చిందే. ప్రమాణం చేసి చెప్పమన్నా చెబుతాను" అన్నారు.

"వచ్చే ఉంటుందండీ" అన్నాను. అబద్ధమాడినట్టు అనిపించలేదు. అన్నేళ్ళ అలవాటు వేళకి తోసుకొచ్చి ఉంటుంది. ఆయనకి వచ్చింది, ఇంట్లో లేదు, అంతే.

గాలంతా పోయాక తనే వెళ్ళి ఓవెన్ మళ్ళీ వెలిగించారు. "పిండి పారేయడం ఎందుకు" అన్నారు. మరిది వచ్చేసరికి కేకు లోపలుంది. వాడు జేబులోంచి సోమవారం వెళ్ళాల్సిన ఇళ్ళ చీటీ తీసి చేత్తో పట్టుకుని, నా మొహం చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"వదినా, ఏమైంది?"

"ఓవెన్ ఆరిపోయిందిరా" అని ఆయనే చెప్పారు. "కూర్చో. కేకు తిని వెళ్దువుగాని."

అందరం ముందు గదిలో కూర్చున్నాం.  నిమ్మ వాసన మెల్లగా వచ్చింది, తర్వాత ఇల్లంతా నిండింది. మరిదీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆయన నా వైపు తిరిగి అడిగారు.

"అయిందా?"

ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆ మాట ఎవర్నీ అడగలేదు. లేచి వెళ్ళి పుల్ల గుచ్చి చూశాను. ఇంకా కాలేదన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగారు, మళ్ళీ వెళ్ళాను. మూడోసారికి తీశాను. పిండి అంతసేపు నిలవుండటం వల్ల పొంగలేదు, అట్టలా పడుకుంది. ఎడమ పక్క ఎర్రబడింది.

"ఎడమ పక్క వేడి ఎక్కువుంది. రేపొచ్చి చూడరా. ఆ భాగం కూడా కొత్తది వేసెయ్" అని తమ్ముడికి చెప్పారు. ముక్క తిన్నారు. నా ముక్కా, మరిది ముక్కా పళ్ళేల్లోనే ఉండిపోయాయి.

తర్వాత సంచీ తెచ్చారు. కప్పు చుట్టే గుడ్డ ముక్క తీసి మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. సంచీ తమ్ముడి పక్కన పెట్టారు.  మరిది దాన్ని మెల్లగా భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఆయన సింకు దగ్గర కప్పు కడిగి, తుడిచి, వంటింటి అలమరలో గ్లాసుల పక్కన పెట్టారు.

"అది పనిముట్టు కదండీ" అన్నాను.

"ఇక్కడుండనీ. నీకు పనికొస్తుంది" అన్నారు.

ఆ సాయంత్రం సీసాలోని లవంగాలు నా పోపుల డబ్బాలోకి వచ్చేశాయి. నిమ్మతొక్కు మార్చమని ఆయన అడగలేదు, నేను మార్చలేదు. మరిది మర్నాడే వచ్చి ఓవెన్లో కొత్త భాగం వేశాడు. ఇప్పుడు తలుపు ఎంత గట్టిగా వేసినా ఏమీ కాదు.

అయినా వంటింటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆయన ఆగుతారు. "ఇదిగో, ఏమైనా వాసన వస్తోందా" అని అడుగుతారు. లేదండీ అంటాను. ఒకప్పుడైతే నన్ను పక్కకి జరిపి, తను పీల్చి చూసుకుని, నా ముక్కు మీద నాలుగు మాటలు వేసి గానీ కదిలేవారు కాదు. ఇప్పుడు నేను లేదనగానే తలూపి వెళ్ళిపోతారు. నా మాట ఆయన అంత తేలిగ్గా నమ్మడం నేను భరించలేకపోతున్నాను.