బీరయ్య చేతికర్ర

ఒక మనిషి చేతికర్రను మాయం చేశాను. ఆ బరువు ఇన్నేళ్లూ నేనే మోశాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. అక్షరాలైనా, కెమెరా అయినా నాకు నేనే నేర్చుకున్నాను. అరవైల మొదట్లో నల్లగొండ, పాలమూరు గుట్టల వెంట, జాతరల వెంట తిరిగి ఫోటోలు తీసేవాణ్ణి. మన నేలంటే పట్నంవాళ్లకు చులకన అని నాకు మండిపోయేది. ఇప్పటికీ మండుతుంది. కానీ నేను చేసిందేమిటి?

మర్రిగూడ దగ్గరి ఒక ఊళ్లో బీరయ్య అనే కురుమాయన ఒగ్గుకథకు డోలు కొట్టేవాడు. నలభై దాటలేదు. అప్పటికే నడుం వంగిపోయింది, మోకాళ్లు వంకరపోయాయి. కర్ర లేనిదే నిలబడలేడు. ఆ ఊరి బావినీళ్లు తాగినవాళ్లు చాలామంది అలాగే ఉన్నారు. బండ మీద డోలుతో నిలబెట్టి ఫోటో తీస్తానన్నాను.

"బీరప్ప పండుగ గాకుండ డోలు ముట్టుకుంటె దేవుడు ఊకుంటడా తమ్మీ?"

"ఒక్కపారే అన్నా."

"అయితె గీ ఫోటో పట్నం డాక్టర్లకు చూపియ్యాలె. గీ కాళ్లు జూసన్న ఎవలో ఒకలు వచ్చి మా బాయినీళ్లు చూస్తరు. నా పనైతె అయిపాయె. నా బిడ్డకు గిప్పుడిప్పుడే కాళ్లు వంగుతున్నయి."

"చూపిస్త."

"నవ్వాల్నా మరి? పండ్లు గూడ గార పట్టినయి, ఫోటోల అవి గూడ పడాలె!"

డోలుకు పసుపు పెట్టి, తప్పైందని దేవుడికి మొక్కి, మెడలో వేసుకున్నాడు. ఒక చెయ్యి డోలు మీద, ఇంకో చెయ్యి కర్ర మీద.

ఫోటో కడిగి చూస్తే, ఆకాశం ముందు ఆ వంకర ఒళ్లు అచ్చం ఆడుతున్నట్టుంది. కర్ర ఒక్కటే అడ్డం. నెగెటివ్ మీద సన్న కుంచెతో ఎర్రరంగు పూసి కర్రను పూడ్చేశాను; అచ్చువేస్తే అక్కడ ఉత్త ఆకాశమే పడింది. 'ఒగ్గు నాట్యం' అని పేరు పెట్టి పట్నంలో బహుమతులుండే ఒక ప్రదర్శనకు ఇచ్చాను. అక్కడ ఒక డాక్టరు ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఈయన కాళ్లు ఇట్లాగే ఉంటాయా?"

ఈ ఒక్క ప్రశ్న కోసమే కదా బీరయ్య దేవుడికి ఎదురుపోయి డోలు ముట్టుకున్నది!

"లేదండీ, అది ఆటలో ఒక భంగిమ," అన్నాను.

ఎందుకన్నాను? మన పల్లెను జాలిగా చూస్తారనా? చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను. అబద్ధం. బహుమతి పోతుందని అన్నాను. అది నాకే వచ్చింది కూడా.

మళ్లీ ఆ ఊరు పోలేదు. నాలుగేళ్ల తర్వాత ఒక జాతరలో బీరయ్య భార్య కనబడింది. నుదుట బొట్టు లేదు. పక్కన బిడ్డ. పదమూడేళ్లుంటాయేమో, చేతిలో కర్ర. ఆ కర్రను నేను గుర్తుపట్టాను. గుంపులోకి తప్పుకున్నాను.

ఒక్క డాక్టరు వచ్చినంత మాత్రాన ఆ నీళ్లు మారేవా? తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

నిన్న ఆ నెగెటివ్‌ను నీళ్లలో వేసి దూదితో తుడిచాను. ఎర్రరంగు కరిగిపోయింది. కర్ర అక్కడే ఉంది. బీరయ్య ఆడటం లేదు. పడిపోకుండా నిలబడ్డాడు, అంతే.