రెండో లైఫ్ జాకెట్

అమెరికాలోని నేపర్‌విల్‌లో మా వీధి డాక్టర్ ఆంటీ ఎక్కడ కూర్చున్నా పక్క కుర్చీ ఖాళీగా ఉంచేవారు. "ఆయన కూర్చోవాలి," అనేవారు. ఆయన, అంటే ఆవిడ భర్త, పోయి అప్పటికి మూడేళ్లు. ఆంటీ, నేనూ కలిసి అంటార్కిటికా ఓడ ఎక్కినప్పుడూ అంతే.

దక్షిణ అమెరికా కొసన, కేప్ హార్న్ దగ్గర తుఫాను పట్టుకుంది. లైఫ్ జాకెట్లతో హాల్లోకి రమ్మన్నారు. ఆంటీ తన కేబిన్‌లోని రెండూ తెచ్చి, ఒకటి ఖాళీ కుర్చీకి కట్టారు.

"ఆయనకి ఈత రాదమ్మా."

కంగారులో నేను నాది మరిచి వచ్చాను. ఓడ ఒక పక్కకి ఒరిగింది. నోటికి దేవుడి పేరైనా రాలేదు.

ఆంటీ కుర్చీ వైపు వంగారు. "ఏమండీ, ఈ పిల్లకి ఇచ్చేదా?"

క్షణం చెవి ఒగ్గి విని, ముడి విప్పి నాకు తొడిగారు.

"ఇమ్మన్నారు."

జాకెట్ లోపల వెచ్చగా ఉంది. ఇప్పటికీ దీపం పెట్టాక, నేను చూడని ఆ మనిషికి ఒక దణ్ణం పెట్టుకుంటాను.