పెరట్లో కాలువ, పుస్తకంలో కరువు

మా పక్కింటి టీచరు గారు పోయారు. సోమవారం పొద్దున్న పాలు పోసే ఆమె వాళ్ళ తలుపు కొట్టి కొట్టి, మా గుమ్మంలోకి వచ్చి, "మీ టీచరు గారు పలకట్లేదమ్మా" అంది. నిద్రలోనే వెళ్ళిపోయారు. అప్పటికి పదకొండు రోజులుగా నేను ఆవిడకు మొహం చాటేసి తిరుగుతున్నాను. ఆ బాధతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను ఆరో తరగతితో బడి మానేశాను. పెళ్ళయి మండపేట దగ్గర ఈ ఊరు వచ్చాక, ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించింది ఆవిడే. "నాకు రాదండి" అంటే, "రాదని ఎంత బాగా చెప్పావే! మిగతాదీ అలాగే చెప్పు" అన్నారు.

అసైన్‌మెంటు ప్రశ్న చేతికిచ్చి, ముందు పెన్ను లాక్కునేవారు. తను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంటే నేను జవాబు నోటితో చెప్పాలి. చెప్పిన ఒక్కో సంగతినీ క్యాలెండరులో చింపిన తేదీ కాగితం వెనక రాయించేవారు. ఆ చీటీలు అరుగు మీద పరిచి, ఏది ముందో ఏది తర్వాతో నన్నే సర్దమనేవారు. గడువుకు రెండు వారాల ముందే అంతా అయిపోవాలి. "ఆఖరి రోజు మనది కాదే. కరెంటుది, వానది, ఇంటికొచ్చిన చుట్టాలది" అనేవారు.

ఈసారి స్టడీ సెంటరు వాళ్ళు 'మీ ఊరి నీటి వనరులు' రాయమన్నారు. మా ఆడపడుచు పురిటికి వచ్చింది, పని తెమలలేదు. టీచరు గారు పెట్టిన గడువు వచ్చేసింది. సెంటరులో అందరూ ఎక్కడిదో ఒకే పుస్తకం చూసి ఎక్కిస్తున్నారు. నేనూ ఫోనులో ఫొటోలు తీసుకుని పదిహేను పేజీలూ ఎక్కించేశాను. చూపిస్తే, ఆవిడ రెండో పేజీలోనే ఆగారు.

"ఏమే, మన ఊళ్ళో బోర్లెండిపోయి ట్యాంకర్లొస్తున్నాయా?"

నేను పేజీ తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"పెరటెనకాల కాలవ పెట్టుకుని కరువొచ్చిందని రాశావు కదే!"

"అందరూ అదే రాస్తున్నారండి."

"అయితే పైన అందరి పేర్లూ రాయి. నీ ఒక్కదాని పేరెందుకు?"

అక్కడే ఉన్న మా అత్తగారు నవ్వేశారు. నాకు ఏడుపొచ్చింది. రాసింది పట్టుకుని వచ్చేశాను. మర్నాటి నుంచి ఆవిడ గోడ మీంచి పిలిచేవారు: "అమ్మాయ్, చీటీలు దాచాను, రావే." పనుందండి అని వంటింట్లోంచే చెప్పేదాన్ని. ఏ పనీ లేదు.

ఆవిడ పోయిన వారమే, శుక్రవారంతో సెంటరు గడువు అయిపోతుంది. ఎక్కించింది ఇచ్చేస్తే పాసవుతాను, అడిగేవారు లేరు. బుధవారం దాన్ని సంచిలో పెట్టి కూడా, మళ్ళీ తీశాను. పీట వేసుకుని పైకే చెప్పుకోవడం మొదలుపెట్టాను. "ఎవరితోనే ఆ మాటలు?" అన్నారు అత్తగారు.

"నీళ్ళ గురించండి. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు మీరేం తాగేవారండి?"

"చెరువు నీళ్ళే. బిందెలో చిల్లగింజ అరగదీస్తే మడ్డి కిందకి దిగేది. అదీ రాస్తారేంటి?"

అదీ రాశాను. బాగుందో లేదో నాకు తెలియలేదు. చెప్పే మనిషి లేరు.

శుక్రవారం సెంటరులో సారు పేజీలు తిప్పి, "ఏంటమ్మా, ఆరేనా? అందరివీ పదిహేను" అన్నారు.

"మా ఊరిది అంతేనండి" అన్నాను. అంత గట్టిగా నేనెక్కడా మాట్లాడలేదు.

ఆయన దాన్ని కట్ట మీద పడేశారు. ఫ్యాను గాలికి పై పేజీ లేస్తూ, పడుతూ ఉంది. బస్సు వెళ్ళిపోతుందని తెలిసీ, గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోయాను.