నాలుగో దెబ్బ

నేను చెప్తున్న, నా బిడ్డ రాస్తున్నది. నాకు సంతకం వస్తది, గంతే. నా మాటలు మెత్తగ చేసి రాయొద్దని ముందుగాల్నే చెప్పిన.

మా నాయన హిమాయత్ సాగర్ కాడి ఊర్ల కర్రసాము నేర్పేటోడు. ఆయనకు కొడుకులు లేరు. మొగపిల్లలు కసరత్తు చేసే తాలీంల ఆడపిల్లను రానియ్యరు కాబట్టి ఇంటెనక బర్రెల కొట్టం ముంగట నాకు నేర్పిండు. కర్ర పట్టే ముందు వంగి నేల ముట్టాలె, ఆ చెయ్యి కండ్లకు అద్దుకోవాలె, ఆంజనేయస్వామిని తలుసుకోవాలె. మరిస్తే పిక్కల మీద వాతలు తేలేటట్టు కొట్టేటోడు. పన్నెండేండ్లకే నేను కర్ర తిప్పుతుంటే ఇసిరిన రాయి నాకు తగలకపోయేది. మణికట్టు, మోకాలు, మెడకింది బొక్క, ఏది ఎంత దెబ్బకు ఇరుగుతదో నాకు అన్నం కలుపుకున్నంత తెలుసు.

గసొంటిదాన్ని శంషాబాద్ ఇచ్చి పెండ్లి చేసిండ్రు. నా పెనిమిటి గోదాములల్ల మూటలు మోసేటోడు. పెండ్లైన ఎనిమిదో దినం మొదటి దెబ్బ కొట్టిండు, పక్కింటామెతోని నవ్విన్నని. ఆ తర్వాత చెప్పు, బెల్టు, ఒకసారి రోకలి. ముందటి పండ్లు రెండు రాలగొట్టిండు. విమానాలు మా రేకుల మీదికెల్లే దిగుతయి, ఎడమ చెవ్వుకు ఆ చప్పుడు గుడ ఇనరాదు నాకు.

కర్ర రాదా అంటే వచ్చు. మొగని మీద లేపితే నాయన పేరు మట్టిల కలుస్తదని మొదట లేపలే. తర్వాత దేవుని కోసం లేపలే. ఒకామె నన్ను బుద్వేల్ దిక్కు ఒక రేకుల మందిరానికి తోల్కపోయింది. నా వాసిన మొఖం చూసి, నువ్వేం చేసినవని కొట్టిండు అని అడగని జాగ అదొక్కటే. ఆడ కూసొని కడుపునిండ ఏడ్సిన. బాప్తిస్మం తీసుకున్న. ఆ దినం పాత పటాలు ఇడిసిన, బొట్టు ఇడిసిన. కర్ర గుడ ఇడువు, అది మొక్కి పట్టేది, దేవునికి సరిపడదు అన్నడు పాస్టరయ్య. పారేయనీకి మనసు ఒప్పలే. తెచ్చి దండెం కింద పోటుకు పెట్టిన. తడి చీరెలు మోసుకుంట నిలబడ్డది ఇన్నేండ్లు.

చెంప తిప్పమన్నరు, తిప్పిన. ఆయన కొడుతుంటే పాట పాడుకున్న. ఒక దినం లారీ ఎన్కకొచ్చి ఆయనను గోదాం గోడకు నలిపింది. పీనుగను కడిగేటప్పుడు కుడిచెయ్యి పట్టుకొని చూసిన. గింత చిన్న చెయ్యినా అనిపించింది.

నా బిడ్డను ఎయిర్‌పోర్టు కాడ క్యాబు నడిపే పిల్లగానికిచ్చిన. మందిరం పిల్లగాడే, పాస్టరయ్యనే పెండ్లి చేసిండు. పోయిన వానకాలం బిడ్డ నడుసుకుంట ఇంటికొచ్చింది. కన్ను మూసుకపోయింది, చీరె కుచ్చిళ్ళ కాడ నెత్తురు. మూడు నెలల కడుపు మీద తన్నిండు. దవాఖానల పెద్ద డాక్టరమ్మ చూసి, కడుపు పోయింది అన్నది. ఈ ముక్క కాడ బిడ్డ కలం ఆపింది. రాయి బిడ్డా అన్న.

పాస్టరయ్య వచ్చి దేవుడు జతపరిచినదాన్ని మనం ఇడగొట్టొద్దని చెప్పిండు. ఆయనది గుంటూరు దిక్కు, మెత్తగ మాట్లాడుతడు. పిల్లగాడు పశ్చాత్తాపపడ్డడు, పంపియ్యుండ్రి అన్నడు. నేను బిడ్డను పంపలే.

పది దినాలకు, పట్టపగలు, అల్లుడొచ్చిండు. కారు వాకిట్ల ఆపి సక్కగ లోపటికి పోయి బిడ్డ జుట్టు చేతికి చుట్టుకొని గుంజుకొచ్చిండు. ఆమె మోకాళ్ళు గడప మీద కొట్టుకున్నయి. వాడంత చూస్తున్నది. నేను అడ్డం పోతే ఒక్క తోపు తోసిండు.

"జరుగు అత్తా. నీ మొగడు తొక్కిపెట్టలేదా నిన్ను? పడలేదా? గిదీ పడతది" అన్నడు.

దండెం కింది కర్ర గుంజిన. తడి బట్టలన్ని బురదల పడ్డయి. నేను వంగి నేల ముట్టిన్నట, చెయ్యి కండ్లకు అద్దుకున్ననట. నాకు ఎరుక లేదు. నోట్లెకెల్లి మాత్రం "యేసయ్యా" అని వచ్చిందని బిడ్డ చెప్తది.

మొదటి దెబ్బ జుట్టు పట్టిన మణికట్టు మీద. ఎండుకట్టె ఇరిగినట్టు ఇరిగింది, జుట్టు ఇడిసిండు. కారు కాడికి ఉరికి ఎడమచేత్తోని ఇనుపరాడ్డు తీసుకొని నా నెత్తి మీదికొచ్చిండు. రెండో దెబ్బ మెడకింది బొక్క మీద. రాడ్డు పడ్డది. కాలు లేపి తన్నబోయిండు, మూడోది మోకాలు మీద. ఎల్లెలకల పడ్డడు. బురదల చేతులడ్డం పెట్టి "వద్దత్తా, వద్దు" అన్నడు.

ఆడ అయిపోయింది. ఆడ ఆపాలె. కానీ కిందికెల్లి చూస్తున్న ఆ మొఖం నాకు అల్లుని మొఖం లెక్క కనబడలే. నాలుగో దెబ్బ నోటి మీద ఏసిన. పండ్లు రెండు రాలినయి. నాయి పోయినయి గుడ రెండే.

పోలీసు కేసు కాలే. అత్త కొట్టిందని కాయితం మీద రాసిచ్చుడు అల్లునికి సిగ్గైంది. కానీ పంచాయితి మందిరంల పడ్డది.

మా కాడ నెల మొదటి ఐతారం ప్రభువు బల్ల ఇస్తరు, రొట్టె ముక్క, ద్రాక్షరసం. తప్పు చేసినోళ్ళను బల్ల నుంచి ఆపుతరు. నా పెనిమిటి కొట్టిన్నాళ్ళు నన్ను నిలబెట్టింది ఆ రొట్టె ముక్కనే. అది నోట్లె పడ్డంక ఇగ నెలంత ఏమన్న పడేదాన్ని. పాస్టరయ్య ఇంటికొచ్చి రెండు తప్పులు చెప్పిండు. ఒకటి కర్ర లేపుడు, రెండోది అన్యుల లెక్క నేల మొక్కుడు.

నేలనేమో చెయ్యి మొక్కింది, నోరు ఎవరిని పిలిసిందో వాడోళ్ళను అడుగు అన్న. దానికాయన బైబిలు తెరిసిండు. తర్వాత చెంప తిప్పే మాట ఎత్తిండు.

"నా చెంప నాది పాస్టరయ్యా, ఎన్నిసార్లన్న తిప్పుత. నా బిడ్డ చెంప తిప్పనీకి నేనెవరు?"

"కర్ర పట్టడం తప్పని సంఘం ముందు ఒప్పుకోండమ్మా. అప్పటిదాకా బల్ల ఇవ్వలేను" అన్నడు.

ఐతారం నిలబడ్డ. రేకుల కింద ఉడుకుతున్నది, అందరు విసనకర్రలు ఆపిండ్రు.

"నాలుగు దెబ్బలు కొట్టిన. మూడిటికి క్షమాపణ అడగ. అవి నా బిడ్డను ఇడిపిచ్చినయి. నాలుగోది పడ్డోని మీద కొట్టిన. అది అల్లునికి గాదు, చచ్చిపోయిన నా పెనిమిటికి. దానికి దేవుడు నన్ను క్షమించాలె" అని కూసున్న.

అది సగం ఒప్పుకోలు అన్నరు పెద్దలు. రొట్టె పళ్ళెం నా ముంగటికెల్లి పక్కామెకు పోయింది. గట్ల మూడు నెలలు పోయింది. నేను మాత్రం మందిరానికి పోవుడు ఆపలే. బిడ్డ ఒక హోటల్ల దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. మొగని కాడికి పోలే.

పొద్దుగాల పనికి పోయే ముందు ఆమెకు కర్రసాము నేర్పుతున్న. నేల మొక్కుడు లేదు, కండ్లు మూసుకొని ప్రార్థన చేసి పడుతం. మా నాయన కొట్టుడు నేర్పిండు, ఆపుడు నేర్పలే. నేను ముందు ఆపుడు నేర్పుతున్న. కుండ బోర్లిచ్చి పెడుత. పానమంత పెట్టి కొట్టాలె, కుండకు ఏలెడు మీద ఆపాలె. బిడ్డది ఆగుతది. నాది ఆగదు. వాకిలంత పెంకులు.

మొన్న పాస్టరయ్య వచ్చిండు. జరసేపు నిలబడి చూసిండు. బిడ్డ కర్ర కుండ మీద ఆగుడు చూసిండు.

"పెద్దలతో మాట్లాడానమ్మా. వచ్చే ఆదివారం మీరు బల్లకు రండి" అన్నడు.

మూడు నెలల సంది గా మాట కోసమే చూస్తున్న. అయినా నేను ఇప్పుడే రాను అన్న.

"ఎందుకమ్మా?"

కర్ర తీసుకున్న. పానమంత పెట్టి ఏసిన, ఆపబోయిన. కుండ పగిలింది.

"గిందుకు" అన్న. "కింద ఇంకా నా పెనిమిటి మొఖమే కనబడుతున్నది. అది కనబడకుంట కర్ర ఆగిన్నాడు నేనే వస్త."

పాస్టరయ్య చెప్పులిడిసి అరుగు మీద కూసున్నడు. నేను ఇంకో కుండ బోర్లిచ్చిన.