మధురానగర్ మేడ మీద సముద్రం

మా చిన్నప్పుడు హైదరాబాద్ మధురానగర్‌లో సముద్రం ఉండేది... నవ్వకండి, నిజంగానే! ఎండాకాలం సెలవుల్లో, ప్రతి ఆదివారం సాయంత్రం, మా మేడ మీదికి వచ్చేది.

పొద్దంతా కాలిన మేడ మీద నీళ్లు చల్లి చాపలు పరిచేవాళ్లం. మరచెంబులో నీళ్లు, బేసిన్‌లో పుచ్చకాయ ముక్కలు... అందరూ కూర్చున్నాక పైవాటా వరలక్ష్మి ఆంటీ కొంగు దోపుకుని మధ్యలో కూర్చునేది. ఆమె భర్తకు ఎర్రమంజిల్‌లో ఆఫీసు ఉద్యోగం. పుట్టిల్లు విశాఖపట్నం. అందుకే కాలనీ పిల్లలందరికీ ఆమె వైజాగ్ ఆంటీ.

ఆదివారం ఫోన్ రేటు తక్కువ కదా... పొద్దున్నే అమీర్‌పేట రోడ్డు మీద యాదగిరన్న ఎస్టీడీ బూత్‌కు వెళ్లి వాళ్ల చెల్లెలితో మాట్లాడేది. ఆ కబుర్లన్నీ సాయంత్రం మాకు పంచేది. ఈ వారం బీచ్‌లో ఈత పోటీ ఎవరు గెలిచారు, సింహాచలంలో చందనోత్సవం రోజు ఎంత జనం, వన్‌టౌన్‌లో ఎవరింట్లో పెళ్లి... మధ్యలో భీమిలి డచ్చివాళ్ల సమాధుల కథ, కొండ మీది లైట్‌హౌస్ కథ. మాలో సగం మంది హుస్సేన్ సాగర్ తప్ప పెద్ద నీళ్లు చూసినవాళ్లం కాదు. అయినా వైజాగ్‌లో ఏ సందు ఎటు తిరుగుతుందో మాకు నోటికి వచ్చు!

ఆమెకు ఒక పట్టింపు ఉండేది. "ముందు సముద్రం సంగతి. మనుషుల సంగతి తర్వాత" అనేది. పెళ్లి కబురు చెప్పమని మేం గోల చేసినా సరే... అలలు ఎలా ఉన్నాయి, గాలి ఎటు కొడుతోంది, బోట్లు వెళ్లాయా లేదా, అన్నీ అయ్యాకే.

"గట్లెందుకు ఆంటీ?" అని అడిగితే, "మా ఊళ్లో సముద్రం బాగుంటేనే మనుషులు బాగున్నట్టమ్మా" అనేది.

ఫోన్‌లోనూ అంతే. యాదగిరన్న బూత్‌లోని ఆ అద్దాల గదిలోంచి ముందు వినిపించే మాట "సముద్రం ఎలా ఉందే?" అనే! అది అతనికి కంఠతా వచ్చేసింది.

ఒక ఏడు మే నెలలో వైజాగ్ వైపు తుఫాను పట్టింది. టీవీలో చూపిస్తున్నారు... విరిగిన చెట్లు, ఒడ్డు దాటిన అలలు. వైజాగ్ ఆంటీ తమ్ముడు హార్బర్‌లో మరబోట్ల ఇంజన్లు బాగుచేసేవాడు. బాగుచేసిన ఇంజన్‌ను పరీక్షించడానికి బోటుతో పాటు సముద్రంలోకీ వెళ్లేవాడు. తుఫానుకు ముందు అలాగే వెళ్లాడని చెల్లెలు చెప్పింది. ఆ తర్వాత ఫోన్లు పనిచేయలేదు.

ఆదివారం పొద్దున్నే ఆంటీ బూత్‌కు వెళ్లింది. ఎన్నిసార్లు తిప్పినా లైను కలవలేదు. యాదగిరన్నే చివరికి, "మీరు ఇంటికి పోండ్రి అక్కా. నేను జేస్తనే ఉంట. కలిసిందంటే నేనే ఒచ్చి చెప్త" అని పంపించాడట.

సాయంత్రమైంది. ఎవరూ పిలవకుండానే అందరూ మేడ ఎక్కారు. ప్రతి వారం మాకు కబుర్లు పంచిన మనిషి ఆ రోజు ఒక్క కబురు కోసం పిట్టగోడ పట్టుకుని నిలబడింది. మా అమ్మ పక్కనే నిలబడి, "ఫికర్ చెయ్యకు వదినా, జర చాయ్ తాగు" అని బతిమాలుతోంది. చాయ్ గ్లాసులోనే చల్లారిపోయింది.

అప్పుడు కనిపించాడు యాదగిరన్న... సందు మొదట్లోంచి పరుగెత్తుకుంటూ! ఆదివారం గిరాకీ మొత్తం వదిలేసి, బూత్ షటర్ దించేసి మరీ వచ్చాడు. మేడ కింద నిలబడి ఆయాసపడుతూ తల పైకెత్తి అరిచాడు.

"అక్కా... సముద్రం చల్లవడ్డదట!"

అందరం పిట్టగోడ మీదికి వంగాం.

"గాలి సుత తగ్గిందట! అలలు మామూలుగనే ఉన్నయట..."

"యాదగిరీ! సముద్రం సంగతి ఎవడిక్కావాలయ్యా! మా తమ్ముడు... మా తమ్ముడి సంగతి చెప్పు ముందు!"

పాపం, యాదగిరన్న బిత్తరపోయాడు. "గదేంది అక్కా... ముందు సముద్రం సంగతి అని మీరే అంటరు గద! తమ్ముడు మంచిగున్నడు. గాలి లేవకముందే ఒడ్డుకొచ్చిండట. ఫోన్ వైర్లు తెగినయ్, గంతే!"

ఆంటీ అక్కడే చతికిలబడి బావురుమంది. వెంటనే పకపకా నవ్వింది. ఆమెను చూసి మా అమ్మ ఏడ్చింది, మేమంతా నవ్వాం. యాదగిరన్నను పైకి పిలిచి, పుచ్చకాయ ముక్కల బేసిన్ మొత్తం ఆయన ముందు పెట్టేశారు. నాకైతే ఆ రోజు ఆయన్ను మించిన గొప్ప మనిషి ఈ ఊళ్లో లేడనిపించింది... ఇప్పటికీ అదే అనిపిస్తుంది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి వైజాగ్ ఆంటీ పట్టింపు తిరగబడింది. "ముందు మనుషులు. సముద్రం ఎక్కడికీ పోదులే" అనేది.

ఇప్పుడు ఆ రోడ్డు మీద మెట్రో పోతోంది. బూత్ ఉన్న చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మా మేడ మీద ఇంకో రెండు అంతస్తులు లేచి హాస్టల్ అయింది. మొన్న ఆంటీని చూడడానికి వెళ్తే, తమ్ముడితో వీడియో కాల్‌లో ఉంది. ఆయన సముద్రం ఒడ్డున నిలబడి అలలు చూపించబోతుంటే, "అది తర్వాత చూపిద్దువుగానీ... ముందు నీ మొహం చూపించరా" అంటోంది.

తుఫాను ఎక్కడుందో ఇప్పుడు చేతిలోని ఫోనే చెప్పేస్తుంది... మంచిదే. కానీ షటర్ దించేసి, మన కబురు మోసుకుంటూ పరుగెత్తుకొచ్చే మనిషి ఏడి?

మీ వీధిలోనూ అలాంటివాళ్లు ఉండే ఉంటారు... కింద రాయండి. ముందు ఆ మనిషి పేరు రాయండి. ఊరి సంగతి తర్వాత.