పైన గాలి

దీపం పెట్టే వేళ. మంచిర్యాల నుంచి లక్సెట్టిపేటకు బండి మీద వస్తున్న తమ్ముడు ఎక్కడిదాకా వచ్చాడో ఫోన్ మ్యాపులో చూస్తున్నాను. వాడి నీలం చుక్క రోడ్డు వదిలి గోదావరి నడుమకు పోయి ఆగింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. "ఏమైందే?" అని అవ్వ అడుగుతుంటే మళ్ళీ నంబరు నొక్కాను.

అంతలో వాకిట్లో బండి ఆగింది. వాడి బట్టలు పొడిగా ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. నది నడుమ ఆగిన చుక్కను వాడికి చూపించాను.

డ్రోన్‌తో పొలాలకు మందు కొట్టే వాడికి ఇది కొత్త కాదు. "పరేషాన్ కాకక్కా. పొద్దుగూకినంక మన దిక్కు గాలి పైపొరల బొక్కలు పడుతున్నయి. గా పొరను అయనావరణమంటరు. శాటిలైట్లు చూసినయి. గా బొక్కలల్ల జీపీఎస్ సిగ్నల్ దారి తప్పుతది" అన్నాడు.

అవ్వకు ఒక్క మాటే వినపడింది. "గాలా? గాలి సోకిందారా?"

ఉప్పు, మిరపకాయలు తెచ్చి ముందు తమ్ముడికి, తర్వాత నా ఫోన్‌కు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఘాటు వస్తే ఏమీ లేనట్టు, రాకపోతే గట్టిగా తగిలినట్టు. చదువుకున్నదాన్ని, నవ్వాల్సింది. ముగ్గురం పొయ్యి దగ్గర నిలబడి దగ్గు కోసం ఎదురుచూశాం.

మిరపకాయలు నల్లగా మాడిపోయాయి. ఎవరికీ దగ్గు రాలేదు.