హారతి పళ్ళెం తన్నిన మేస్త్రిగారు

మా వెల్డింగు మేస్త్రిగారు మొన్న పోయారు. కబురు తెచ్చినతను “అదేనండి, హారతి పళ్ళెం తన్నినాయన” అని గుర్తు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయాక కూడా మనిషికి ఆ పేరేనా?

ఆయన నోరు మంచిది కాదు. కోపమొస్తే పనివాళ్ళ మీదికి పటకారు విసిరేవారు. అదే మనిషి పసిపిల్లకి రాసినట్టు గ్యాసు గొట్టాలకి సబ్బునురుగు రాసి, బుడగలొస్తాయేమోనని చూసుకునేవారు. పల్చటి రేకు అతకడానికి కార్బైడు గ్యాసు, మందపాటి ఇనుము కొయ్యడానికి వంటగ్యాసు వాడేవారు. రెంటినీ నమ్మేవారు కాదు. “కార్బైడు గ్యాసు కోపిష్టిదండి, ఢామ్మని అరిచి చెప్తాది. వంటగ్యాసు నీళ్ళలాగా పల్లం చూసుకుని నోరుమూసుకు కూర్చుంటాది” అనేవారు.

గోదావరి మీద వంతెన పడ్డాక, బళ్ళనీ మనుషుల్నీ రేవు దాటించే మా ఇనప పంటుకి పని లేకుండా పోయింది. కోయించి అమ్మేద్దామన్నారు మావారు. ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది కదా, కోత మొదలుపెట్టే చోట హారతివ్వాలన్నాను నేను. కోత మొదలయ్యేది పంటు అడుగున, లోపలి అరలో. మా మరిది ముందురోజే గ్యాసు బండని అక్కడికి దింపేసి ఉంచాడు. కర్పూరం వెలిగించుకుని నేను దిగబోతుంటే, అప్పుడే వచ్చిన మేస్త్రిగారు, బండ రాత్రంతా కిందే ఉందని వినగానే పరుగెత్తుకొచ్చి పళ్ళెం ఎగరదన్నారు. అది వెళ్ళి గోదాట్లో పడింది.

మావాళ్ళు ఆయన్ని ఇనపరాడ్డుతో కొట్టారు. నోట్లోంచి రక్తం కారుతున్నా ఆయన దిగే కంతకి అడ్డంగా కూర్చుని కదల్లేదు.

“లోపల గ్యాసు కారిపోయిందండి. నన్ను చంపేసినా సరే, నిప్పు దింపనివ్వను.”

అడుగున మగ్గిన నీళ్ళ కంపులో మాకెవరికీ గ్యాసు వాసన తెలియలేదు. ఏదీ నీ గ్యాసంటూ మా మరిది ఆయన భుజం మీంచి అగ్గిపుల్ల గీసి లోపలికి విసిరాడు. పంటు అదిరిపోయింది. కంతలోంచి మంట నిలువెత్తున లేచింది. మేస్త్రిగారు ఎగిరి ఇవతల పడ్డారు. వీపూ చేతులూ తోలు ఊడిపోయాయి. ఆయన అడ్డం ఉన్నందువల్ల మా మరిదికి కనుబొమలు మాత్రమే కాలాయి. పెద్దింటి కుర్రాడి నిర్వాకాన్ని ఊరు మరిచిపోయింది. ఆ తన్ను మాత్రం బాగా గుర్తుపెట్టుకుంది.

కాలిన గాయాలు పూర్తిగా మానకముందే ఆయన తిరిగొచ్చారు. నేను క్షమించమని అడగబోతే మాట దాటేశారు. బ్లోయరు పెట్టించి లోపలికి గాలి తోలించారు. అందర్నీ బూతులు తిట్టి గట్టు మీదికి తరిమి, అగ్గిపెట్టె పట్టుకుని ఒక్కరే కిందికి దిగారు.

“ఇప్పుడు తెచ్చుకోండమ్మా హారతి” అన్న కేక వినపడింది. తర్వాత ఆ నల్లటి కంతలోంచి గుడ్డ చుట్టిన చెయ్యి ఒకటి, వెలుగుతున్న అగ్గిపుల్లతో పైకి లేచింది.